ఉమ్మే హానీ చూపు

మా పాతబస్తీలో పరదేశం పోయిన మనిషి లేని ఇల్లు వెతికితే గానీ దొరకదు. జెద్దా, దుబాయ్, కువైట్, ఎక్కడికి పోయినా పైసల కోసమే పోతారు. అందుకే, రిటైరైన ఉమ్మే హానీ టీచర్ సొంత పైసలతో టికెట్ కొనుక్కుని, జీతం లేకుండా చిన్నపిల్లలకు చదువు చెప్పడానికి దక్షిణాఫ్రికా పోతోందని తెలిసి షాలిబండలో వాళ్ళ గల్లీ మొత్తం ముక్కున వేలేసుకుంది. వీసాల పని చేసే కాషిఫ్‌కైతే ఎంతకీ మింగుడుపడలేదు.

"ఏంది టీచర్, వాళ్ళే మీకియ్యాలె గదా. మీరు ఎదురు పెట్టుకొని పోవుడేంది?"

"వాళ్ళ దగ్గర లేవు కాషిఫ్. ఉంటె నన్నెందుకు పిలుస్తరు?" అంది ఆమె.

నేనన్నా నచ్చజెప్తానేమోనని కాషిఫ్ నా వైపు చూశాడు. నా పేరు స్వరూప, ఉండేది లాల్‌దర్వాజాలో. ఆమె, నేను ఒకే ప్రైమరీ స్కూల్లో పక్కపక్క గదుల్లో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పాం. ఆమె ఎందుకు పోతోందో నాకు కొంత తెలుసు. అది కాషిఫ్‌కు చెప్పే విషయం కాదు.

ఉమ్మే హానీకి పిల్లల్లేరు. ఆ వంకతోనే భర్త వదిలేస్తే తల్లి షౌకత్ బీ దగ్గరికి వచ్చేసింది. అప్పటినుంచి గల్లీలో ఎవరింట్లో పురుడైనా ఒకటే తంతు. ఈమె గడప దాటి లోపలికి రాగానే ఎవరో ఒకరు పసిబిడ్డ మొహం మీదికి బట్ట లాగుతారు. పిల్లల్లేనిదాని నజర్ తగులుతుందట. వాళ్ళు నజర్ అంటారు, మేం దిష్టి అంటాం, ఈ విషయంలో ఎవరం ఎవరికీ తీసిపోలేదు. వాళ్ళు బట్ట లాగకముందే షౌకత్ బీ కూతుర్ని పిలిచి వంటింట్లో ఏదో పని పురమాయించేది. కూతుర్ని కాపాడుకోవడం ఆ తల్లికి అంతవరకే చేతనైంది.

ఇది ఉమ్మే హానీ మనసులో ఎంత నాటుకుపోయిందంటే, క్లాసులో కూడా పిల్లల మొహాలు చూసేది కాదు. పలక చూసేది, తల నిమిరేది, కళ్ళు మాత్రం పక్కకు తిప్పుకునేది. చేతిరాతను బట్టి ఎవరి పలకో ఇట్టే చెప్పేసేది గానీ, అదే పిల్ల బజార్లో ఎదురై సలాం చెబితే "ఎవరి బిడ్డవమ్మా?" అని అడిగేది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకసారి, బట్ట లాగబోయిన ఒకావిడ చేతి మీద ఛెళ్ళున కొట్టాను. పెద్ద లొల్లే అయింది.

రిటైరైన టీచర్లను పరదేశం పంపే సంస్థ ఒకటి ఆమెను తీసుకుంది. డర్బన్‌కు దగ్గర్లో, వరసగా రేకుల ఇళ్ళున్న పేదల బస్తీ. వాళ్ళు దాన్ని టౌన్‌షిప్ అంటారట. ఆమెకు అక్కడి ఒకటో తరగతి ఇచ్చారు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. షౌకత్ బీకి వీడియో కాల్ ఎత్తడం రాదు కాబట్టి ఆ పూటకు నేను వెళ్ళి కూర్చునేదాన్ని. షౌకత్ బీ పుట్టింది పాలమూరు పల్లెలో. ఆమెకు కోపమొస్తే ఉర్దూ వస్తుంది, ప్రేమొస్తే తెలుగు. ఏ భాషలో మొదలుపెట్టినా చివరికి అడిగేది ఒక్కటే, ఎప్పుడొస్తవ్ అని.

వర్షాలు పడే రోజుల్లో ఒక ఆదివారం ఉమ్మే హానీ ఒక పిల్ల సంగతి ఎత్తింది. పేరు తాండేకా. తల్లి లేదు. స్కూల్లో వంట చేసే ముసలామె మనవరాలు. ఆ ముసలామెను పిల్లలంతా గోగో అంటారు, అంటే అమ్మమ్మ.

"ముందటి పండ్లు ఊడినయ్ స్వరూపా. నవ్వితె నాలిక బయటికొస్తది. ఎడమ కన్ను కింద చిన్న మచ్చ. జడలకు పూసలు కట్టుకుంటది, తల ఊపితె సప్పుడైతయ్."

ఉమ్మే హానీ నోట ఒక పిల్ల మొహం గురించి వినడం నాకదే మొదలు. ఆమె కొత్తచోట, ఎవరికీ ఏమీ తెలియని చోట, ధైర్యంగా కళ్ళెత్తి ఒక పిల్లను చూసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాతి కాల్‌కు ఆమె మొహం పీక్కుపోయి ఉంది. తాండేకాకు జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది.

"నా నజరే తగిలింది అమ్మీ. నేను మస్తు సూసిన దాన్ని."

అట్లాంటిదేం లేదని నేను అనేలోపే షౌకత్ బీ ఫోన్ లాక్కుంది. "ఫికర్ చెయ్యకు బేటా. ఎండు మిరపకాయలు, ఉప్పు పిడికిట్ల పట్టి దాని సుట్టు తిప్పి పొయ్యిల పడెయ్యి. ఘాటు రాకుంటె నజర్ ఉన్నట్టే."

ఉమ్మే హానీ తల్లి మాట జవదాటదు. పిల్ల నీరసంగా స్కూలుకొచ్చిన రోజు స్కూలు వంటింట్లోకి తీసుకెళ్ళి, పిడికిలి తిప్పుతూ, దువా చదువుతూ దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేసింది. ఘాటు రాకపోవడమా, పక్కగదిలోని ఒకటో తరగతి మొత్తం దగ్గుకుంటూ బయటికి ఉరికింది. మా లెక్క ప్రకారం నజర్ లేనట్టే. కానీ అక్కడ మా లెక్క ఎవరికి తెలుసు? నీళ్ళ బకెట్‌తో లోపలికొచ్చిన గోగోకు కనబడింది వేరే. ఎక్కడినుంచో వచ్చిన మనిషి, తన జ్వరం పిల్ల చుట్టూ పిడికిలి తిప్పుతూ ఏదో గొణుగుతోంది, గదంతా పొగ. ఆమె పిల్లను ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోయింది. తల్లిదండ్రులు భయపడుతున్నారు, విషయం తేలేదాకా క్లాసుకు రావద్దని హెడ్‌మిస్ట్రెస్ చెప్పింది. సంస్థవాళ్ళు తిరిగి పంపేయవచ్చు కూడా.

ఈసారి ఉమ్మే హానీ ఆదివారం దాకా ఆగలేదు, నన్ను షౌకత్ బీ దగ్గరికి రప్పించింది. ఫోన్‌లో ఏడుస్తూనే చెప్పింది. షౌకత్ బీ ఉర్దూలో దులిపేసింది, ఆ దేశాన్ని, ఆ స్కూలును, అందరినీ. చివరికి, "చాలింక, వచ్చెయ్" అంది.

"వచ్చేస్త అమ్మీ. నా సూపు మంచిది గాదు."

అప్పుడు నా నోరు ఆగలేదు. "వచ్చేటట్టుంటె రా. గని దొంగలెక్క రాకు. గా ముసలామె దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పి రా. దాని మనవరాలికి ఏం చేసినవో తెల్వక ఆమె ఎంత భయపడుతుందో నీకు తెల్వదా?"

"ఏమని చెప్పాలె స్వరూపా?"

"నిన్ను సూసి పిల్లల మొహం మీదికి గుడ్డలు లాగిన సంగతి చెప్పు."

కోపంలో అనేశాను గానీ, ఫోన్ పెట్టేశాక భయమేసింది. ఆ ముసలామె కూడా పిల్ల మొహం కప్పేస్తే ఉమ్మే హానీ ఇక ఎవరినీ చూడదు. ఆ మాట షౌకత్ బీతో అనలేదు. ఇద్దరం చాయ్ తాగకుండానే చల్లార్చాం.

మర్నాడు సాయంత్రం నేను మళ్ళీ షౌకత్ బీ దగ్గరున్నప్పుడు ఫోన్ మోగింది. ఉమ్మే హానీ గొంతు బొంగురుపోయి ఉంది.

"నిన్ననే పోయిన అమ్మీ. గోగో గడప మీద కూసోని చిక్కుడుగింజలు ఏరుతుంది. లోపలికి రమ్మనలే. నిలబడే చెప్పిన, వచ్చీ రాని ఇంగ్లీష్‌ల. నాకు పిల్లల్లేరు, మా తాన నా అసుంటిదాని సూపు పిల్లలకు తగుల్తదంటరు, నీ పిల్లను నేను మస్తు ఇష్టంగ సూసిన, గందుకే జ్వరమొచ్చిందనుకున్న, నా సూపు తీసేద్దామనే గట్ల చేసిన అని చెప్పిన."

"ఏమన్నది?" అన్నాను.

"లోపటికి పోయి తాండేకాను లేపి తెచ్చింది. నా ముందర నిలబెట్టి, నెత్తి మీది కంబళి తీసేసింది. ‘నా బిడ్డ సచ్చిపోయినంక దీన్ని సూసేటోళ్ళు లేరు. నా కండ్లకు పొర వచ్చింది, దీని మొహం నాకు మంచిగ కనవడదు. దీనికి సూపులు తక్కువైనయ్ గని ఎక్కువ కాలే. నువ్వు సూడు. సూసి ఎట్లున్నదో నాకు చెప్పు’ అన్నది అమ్మీ. నేను చెప్పిన. పండ్లు వస్తున్నయని చెప్పిన. మచ్చ సంగతి చెప్పిన. హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి పొద్దున ఆమెనే వచ్చింది, నాతోటి. రేపట్నుంచి క్లాసుకు రమ్మన్నరు."

లైన్ పోయిందనుకుని ఉమ్మే హానీ అవతలినుంచి "అమ్మీ, అమ్మీ" అంటోంది. షౌకత్ బీ కొంగుతో మొహం తుడుచుకుని, ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వు సూడు అనే మాట మన గల్లీల ఒక్కలన్న అనలే బేటా," అంది. "కన్నదాన్ని, నేను గూడ అనలే."

అవతల కూడా ఏడుపే. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఇక మామూలుగా అడిగే మాట అడుగుతుందని ఎదురుచూశాను. షౌకత్ బీ అది అడగలేదు.

"తొందరేం లేదు," అంది. "కండ్ల నిండ సూసుకొని రా."