ఆరకూడనివన్నీ ఒకే తీగకు

ఆ ఏడు, 1999లో, డార్విన్‌లో వానలు మొదలుకాక ముందు నుంచే మా ఇంట్లో రోజూ ప్రపంచం అంతమైపోతూ ఉండేది. మావారు ఒక ప్రభుత్వ ఆఫీసులో వైటూకే పని మీద ఉండేవారు. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమకపడకుండా పాత ప్రోగ్రాముల్లో తేదీలు వెతికి సరిచేయడం ఉద్యోగం. పొద్దస్తమానం తప్పులే చూసే మనిషికి లోకంలో ఒప్పేదీ కనబడదు కాబోలు. జనవరి ఒకటిన కరెంటు పోతుందనీ, కుళాయిలో నీళ్ళు రావనీ అన్నం కలుపుకుంటూ చెప్పేవారు. అందుకని ఒక పాత తెరచాప పడవ కొన్నారు. క్రిస్మస్‌కి అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఇక అందులోనే కాపురం అన్నారు. ఓనరుకి నోటీసు కూడా ఇచ్చేశారు.

డిసెంబరు ముప్ఫై ఒకటిన ఆయన ఆఫీసులోనే కాచుకుని ఉండాలి. అంటే ఆ పూట పడవలో ఉండేది నేనూ, మా ఏడేళ్ళ పాపా, ఇద్దరమే. ఊళ్ళో దీపాలన్నీ ఆరిపోయినా మీకు ఫ్యాను తిరుగుతుందని ఆయన ధైర్యం చెప్పారు. నాకు ఈత రాదు. పాపకి స్కూల్లో నేర్పినంత వచ్చు.

ఆయన కాకినాడలో చదివింది ఎలక్ట్రికల్, ఇక్కడ తింటున్నది సాఫ్ట్‌వేర్ కూడు. పాత చదువు మీది ప్రేమంతా ఆ పడవ మీద ఒలకబోశారు. ఏదీ ఒక్కదాని మీదే ఆధారపడకూడదన్నది ఆయన సూత్రం. చార్జింగుకి సోలార్ ప్యానెళ్ళు, అవి చాలకపోతే ఇంజను. ఇంటి వాడకానికి పెద్ద బ్యాటరీలు, ఇంజను స్టార్ట్ చేయడానికి వేరే బ్యాటరీ. ఫ్యాను ఎంత కరెంటు తాగుతుంది, ఫ్రిజ్ ఎంత తాగుతుంది, రేడియో ఎంత తాగుతుంది, అన్నీ కొలిచారు. పడవలు కట్టేసే మెరీనా గట్టు మీద ఉన్న కరెంటు ప్లగ్గు మాత్రం వాడనిచ్చేవారు కాదు. అది ఊరి కరెంటు, ఊరితోపాటే పోతుందనేవారు.

ఇవన్నీ అయ్యాక, ఎప్పుడూ ఆగకూడనివి కొన్ని మిగిలాయి. పడవ అడుగున చేరే నీళ్ళని బయటికి తోసే పంపు, ఆ నీళ్ళు ఎక్కువైతే మోగే అలారం, దేవుడి దగ్గర లైటు. మా అత్తగారింట్లో వెంకటేశ్వరస్వామి పటం ముందు ఎర్ర బల్బు ఒకటి రాత్రీ పగలూ వెలుగుతూనే ఉండేది. అది ఆరితే ఇంటికి మంచిది కాదనుకునేవారు. ఆయన పడవలోనూ పటం పెట్టి, కారు వెనక లైటు బల్బుకి ఎర్ర రంగు పూసి తగిలించారు. పంపుకీ, అలారానికీ, లైటుకీ కలిపి, ప్యానెళ్ళతోనే చార్జయ్యే ఒక చిన్న బ్యాటరీ కేటాయించారు. మెయిన్ స్విచ్ ఆపినా ఆగకుండా వాటిని నేరుగా దానికే కలిపేశారు.

"ఈ లైటు ఎంత తాగుతుందో చూశారా?" అన్నాను.

"దేవుడి దీపానికి లెక్కలేంటే?" అన్నారు.

దేవుడికిచ్చేది కొలిచి ఇవ్వకూడదని వాళ్ళింట్లో అందరికీ పట్టింపే. హారతికి కర్పూరం బిళ్ళలు కూడా చేతికొచ్చినన్ని తీస్తారు తప్ప ఎంచి తీయరు. ఆవగింజంత దానికి మీటరు పట్టుకొచ్చే మనిషి, ఆ బల్బు జోలికి మాత్రం పోలేదు. దేవుడితో నాకెందుకు పేచీ అని నేనూ ఊరుకున్నాను.

డిసెంబరు మొదట్లో విమానమెక్కి, టూంగాబీలో ఉండే మా మరిది గృహప్రవేశానికి వెళ్ళాం. తుఫాను గాలికి ఎగిరిపోతాయని వెళ్ళేముందు ఆయన సోలార్ ప్యానెళ్ళు ఊడదీసి లోపల పెట్టారు. మెయిన్ స్విచ్ ఆపి, పటానికి దణ్ణం పెట్టుకుని తాళం వేశారు. తలుపు మూస్తుంటే సందులోంచి ఎర్రటి వెలుగు మెట్ల మీద పడి కనిపించింది. బయట ఆకాశమంతా మబ్బు కమ్ముకుని, గాలి స్తంభించిపోయి ఉంది. ఎప్పుడూ తెరచాప కొయ్యలకి టకటకా కొట్టుకునే తాళ్ళు కూడా చప్పుడు చేయడం లేదు.

రెండు వారాలకి తిరిగొచ్చి, ఎయిర్‌పోర్టు నుంచి తిన్నగా మెరీనాకే వెళ్ళాం. అన్ని పడవల మధ్యా మాది ఒక్కటే కిందికి కూర్చుని ఉంది. నేను చూశాను, ఆయనా చూశారు.

తాళం తీస్తే లోపలంతా చీకటి. కుళ్ళిన వాసన గుప్పుమంది. పప్పు డబ్బా, నా చెప్పులు, పాప బొమ్మల పుస్తకం నీళ్ళలో తేలుతున్నాయి. పాప కోసం కింద అమర్చిన పడక మీద పరుపు తడిసి ఉబ్బిపోయింది.

చేతిపంపుతో నీళ్ళు తోడాక ఆయన మీటరు పెట్టి చూశారు. అప్పుడు తేలింది సంగతి. ప్రొపెల్లర్ తిప్పే కడ్డీ పడవలోంచి బయటికి వెళ్ళే చోట చుక్క చుక్కగా నీళ్ళు రావడం మామూలే, పంపు ఎప్పటికప్పుడు తోడేయాలి. కానీ ఎర్ర బల్బు రాత్రీ పగలూ వెలిగి చిన్న బ్యాటరీని ఊడ్చేసింది. దాంతోపాటే పంపూ ఆగింది. నీళ్ళు ఎక్కువయ్యాయని చెప్పాల్సిన అలారం కూడా నోరు మూసుకుంది.

ప్యానెళ్ళు తీయడం వల్లే ఇలా అయిందనీ, ఇకముందు అవి తీయనే తీయననీ ఆయన గొణిగారు. నేను తలెత్తి ఆకాశం చూశాను. వానాకాలంలో డార్విన్‌లో ఎండ మొహం చూపకుండా వారాలు గడిచిపోతాయి. క్రిస్మస్ నుంచి మేం ఉండబోయేది ఆ మబ్బు కిందే.

పాప మెట్ల మీద నిలబడి తన పరుపునే చూస్తోంది. "డాడీ, వై డిడ్‌న్ట్ ఇట్ బీప్? నేనూ అమ్మా స్లీపింగ్ అయితే?"

ఆయన దగ్గర అన్నిటికీ జవాబుంటుంది. ఈసారి మీటరు పక్కన పెట్టేశారు. "మోగేది కాదమ్మా," అన్నారు.

నేను పాప చెయ్యి పట్టుకుని గట్టు మీదికి ఎక్కించాను. ఇల్లు ఖాళీ చేయడం లేదని ఓనరుకి ఇవాళే ఫోన్ చేయమని ఆయనతో అన్నాను.

"మరి ఒకటో తారీకున కరెంటు పోతే?" అన్నారు ఆయన పడవలోంచే.

"పోనీండి. చీకట్లో కూర్చుంటాం. కాళ్ళ కింద నేలుంటుంది కదా."