దిష్టిబొమ్మకు నా పెళ్లి కోటు

లేనివాళ్లకు పెట్టమని ఆదివారం నాగలమడికలో పాస్టరుగారు గంటసేపు చెప్పారు. నేను కరిగిపోయి, బొత్తాలు పట్టని నా పెళ్లి కోటును పక్క చేను నరసప్పకు ఇచ్చేశాను. ఈ రోజు చూస్తే, వాన లేక వాడిపోతున్న అతని వేరుశనగ చేనిలో దిష్టిబొమ్మ దాన్ని తొడుక్కుని నిలబడి ఉంది. నాకంటే దానికే బాగా నప్పింది. ఒళ్లు మండింది.

"ఏంది నరసప్పా, నీకని ఇస్తే బొమ్మకు తొడిగినావు?"

"ఈ ఎండలో నాకు కోటెందుకు సామీ? మీ బోరులో నీళ్లుండాయి కదా, నా చేనికి ఒక్క తడి ఇస్తే చాలు."

పాస్టరుగారు రమ్మన్నారని అబద్ధమాడి వచ్చేశాను. ఇంటికొచ్చి మోకాళ్లూని, "ప్రభువా, నరసప్ప చేనికి వాన కురిపించు" అని ప్రార్థించాను. నా బోరు సంగతి ప్రభువుకు తెలియదనుకుంటా. మీరు మాత్రం చెప్పకండి.