ముందుగాల బండికి

గార్ల నుంచి తండాలకు పాత జీపు నడిపే హీర్యా, చేతిలో నీళ్ల సీసా లేనివాళ్లను ఎక్కనివ్వడు. "ముందుగాల బండికి, తర్వాత మనకు" అంటాడు. ఎత్తు ఎక్కిందంటే ఇంజిన్ మరుగుతుంది. చల్లారాక తువ్వాలు మడిచి, మొహం పక్కకు తిప్పుకుని, రేడియేటర్ మూత మెల్లగా వదులు చేస్తాడు. ఈరోజు నీళ్లు నింపి, మూత పెట్టకుండానే ఇంజిన్ స్టార్ట్ చేసి వంగి చూశాడు. బుడగలు ఆగకుండా పైకి వస్తున్నాయి. ఇంజిన్ పైభాగం, హెడ్డు, పగిలిందని, ఇక ఎన్ని నీళ్లు పోసినా ఈ ఇంజిన్ బతకదని అతనికి అర్థమైంది. మిర్చి ఏరడానికి ఆ జీపులో పోతున్న భద్రమ్మ, తాగడానికి దాచుకున్న సీసా అందించి, "గివి సాల్తయా బిడ్డా?" అంది.

"సాల్తయి అవ్వా" అన్నాడు. ఆమె ముఖం చూడకుండా, సీసా ఖాళీ అయ్యేదాకా వంచాడు.