జర్మన్ ప్రొఫెసర్ నోటుపుస్తకం

సౌదీలో యెమెన్ సరిహద్దు దగ్గరున్న నజ్రాన్ నుంచి రియాద్ వెళ్ళే బస్సులో నా పక్క సీటు ఒక జర్మన్ పెద్దావిడకు వచ్చింది. నేను నర్సునని తెలిసి ఇంగ్లీషులో మాట కలిపింది. ఆమె పుట్టిన ఊరి పక్కనే ఒకప్పుడు జర్మనీని రెండుగా చీల్చిన కంచె ఉండేదట. అవతల ఉన్న పెద్దమ్మను చూడకుండానే పెరిగిందట. దేశాలు ఎందుకు తగాదా పడతాయో తెలుసుకోవాలని చదివి, ముప్పై ఏళ్ళు యూనివర్సిటీలో అదే పాఠం చెప్పింది. రిటైరయ్యాక యెమెన్ సరిహద్దు ఊళ్ళలో తిరిగి, యుద్ధంలో ఇళ్ళు పోయినవాళ్ళ మాటలు ఒక నోటుపుస్తకంలో రాసుకుంది.

చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగింది. సిపాయి ఇకామా అనే నివాస అనుమతి కార్డులు చూస్తూ, సంచులు విప్పిస్తూ ముందు సీట్ల నుంచి వస్తున్నాడు. ఆమె తన సంచీలోంచి ఆ నోటుపుస్తకం బయటికి తీసింది.

"పేర్లేమీ రాయలేదు సిస్టర్. అయినా చూస్తే తీసేసుకుంటారు. నర్సు సంచీ అంతగా వెతకరేమో," అంటూ పుస్తకం నా ఒడి వైపు జరిపింది.

నా ఉద్యోగం గుర్తొచ్చింది, కడపలో నేను చదివిస్తున్న చెల్లెలు గుర్తొచ్చింది. 'వద్దు మేడం' అనే మాట నాలుక మీదికి వచ్చింది.

అంతలో ఆమే పుస్తకం వెనక్కి లాక్కుని తన ఒళ్ళో పెట్టుకుంది.

సిపాయి దాన్ని తిరగేసి, ఆమెను కిందికి దింపాడు. అరగంట తర్వాత ఆమె ఖాళీ చేతులతో తిరిగి వచ్చింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

"నిన్ను అడగకుండా ఉండాల్సింది," అంది మెల్లగా. "నువ్వు ఇక్కడ బతకాలి."

రియాద్‌లో దిగేటప్పుడు పైనుంచి నా పెట్టె ఆమే దించి ఇచ్చింది. నేను వద్దనబోయిన సంగతి ఆమెకు చెప్పనేలేదు.