నలభై మూడు పళ్ల చక్రం

పదకొండేళ్లుగా మా వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనక ఒక ఇనుప చక్రం ఉంది. గోనెగుడ్డలో చుట్టి, సుతిలి తాడుతో కట్టి పెట్టాను. ఇల్లు కడిగినప్పుడల్లా దాన్ని జరిపి, కింద తుడిచి, మళ్లీ అక్కడే పెడతాను. ఐదారు కిలోలు ఉంటుందేమో. ఆ మాత్రం బరువు ఎవరైనా ఎత్తుతారు. నేనూ ఎత్తుతాను. కానీ ఎత్తిన ప్రతిసారీ దాన్ని ఎవరి నెత్తిన పెట్టానో గుర్తొస్తుంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా ఇంటాయనకు కూడా. మీకే మొదటిసారి చెప్తున్నాను. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే నోరు వస్తోందేమో.

మాది కిషన్‌బాగ్. ఇంటి ముందరే రేకుల షెడ్డు. మా ఆయనది జీపుల పని. పాత జీపులను ఎత్తు చేసి, పెద్ద టైర్లు వేసి, గుట్టల్లో అడవుల్లో నడిచేలా తయారు చేస్తాడు. గిరాకీతో మాట్లాడటం, బాడీ పని ఆయనది. యాక్సిల్ విప్పి బిగించే పని సాలెహ్ భాయ్‌ది. బార్కస్ నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవాడు. నేను ఈ ఇంటికి కోడలిగా రాకముందు నుంచే ఉన్నాడు. యాక్సిల్ మీద చెయ్యి ఆనించి, చక్రం తిప్పి, లోపల ఏ పన్ను అరిగిందో చెప్పేవాడు.

మరి నేనేం చేసేదాన్ని? గుర్తుపెట్టుకునేదాన్ని. నవ్వకండి. మా షెడ్డులో ఏదీ రాసి పెట్టేవాళ్లు కాదు. సాలెహ్ భాయ్‌కి చదువు రాదు, మా ఆయనకు రాసే ఓపిక లేదు, నేను ఐదో తరగతితో ఆపాను. పాత పళ్ల చక్రాలు కొనుక్కొచ్చినప్పుడు సాలెహ్ భాయ్ ఒక పన్ను మీద సుద్దముక్కతో గీత గీసి, అక్కడి నుంచి చుట్టూ లెక్కపెట్టి, అంకె గట్టిగా చెప్పేవాడు. వంటింట్లోంచి నేను ఆ అంకెను తిరిగి చెప్పేదాన్ని. అదే మా రిజిస్టరు. ఆర్నెల్ల తర్వాత అడిగినా ఏ మూటలో ఎన్ని పళ్లదో చెప్పేదాన్ని. వాడకట్టు ఆడవాళ్లు నా చేత కథలు చెప్పించుకునేదీ అందుకే, ఎప్పటి సంగతైనా ఈమె నోట్లో నిన్నటిలా ఉంటుందని. ఆ పేరంటే నాకు మస్తు ఇష్టం. ఇష్టమని ఎందుకంటున్నాను? అది ఆకలి.

ఆ రోజుల్లో మొఘల్‌పురా నుంచి ఒక సార్ వచ్చాడు. సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగం. సెలవు దొరికితే గుట్టలెక్కడం ఆయన పిచ్చి. జీపును నాలుగంగుళాలు ఎత్తు చేయించి, పెద్ద టైర్లు వేయించుకున్నాడు. టైరు పెద్దదైతే ఇంజను గుంజలేదు, ఎత్తు ఎక్కేటప్పుడు ఏడుస్తుంది. దానికి యాక్సిల్‌లోని పళ్ల చక్రం మార్చాలి. ఆ చక్రానికి పళ్లు ఎక్కువుంటే గుంజే బలం ఎక్కువ, వేగం తక్కువ. ఒక్కటి మాత్రం తప్పకూడదు. ముందు యాక్సిల్‌కూ వెనక యాక్సిల్‌కూ ఒకే లెక్క ఉండాలి. తేడా వస్తే, నాలుగు చక్రాలూ కలిపి నడిపినప్పుడు ముందువి ఒక వేగంతో, వెనకవి ఇంకో వేగంతో గుంజుతాయి. నడుమ ఉన్న గేర్ల పెట్టె నలుగుతుంది. మామూలు రోడ్డు మీద వెనక చక్రాలే నడుస్తాయి కాబట్టి ఏమీ తెలియదు. ఇవన్నీ నేను వంట చేస్తూ విని నేర్చుకున్నవే. తెలియక చేసిందని మీరు అనుకోకూడదని చెప్తున్నాను.

సార్‌కు లాకర్లు కూడా కావాలి. బురదలో ఒక చక్రం ఒట్టిగా తిరుగుతుంటే బలమంతా దానికే పోతుంది కదా, రెండు చక్రాలనూ ఒకటిగా కట్టేసి తిప్పేది లాకర్. ముందూ వెనకా రెండింటికీ పెట్టమన్నాడు, అదీ స్విచ్చు లేకుండా దానంతటదే పట్టుకునేది. సాలెహ్ భాయ్ ఒప్పుకోలేదు. ముందర కూడా పట్టేస్తే స్టీరింగు తిరగదని, పెళ్లైన కొత్తలో తన బేగం ఉన్నట్టు ఎటు తిప్పినా సీదాగానే పోతుందని అన్నాడు. సార్ కడుపు పట్టుకుని నవ్వాడు. చివరికి వెనకకు ఒక్కటే, స్విచ్చు నొక్కితే గాలితో పట్టుకునేది, అని తేలింది. పళ్లు ముందూ వెనకా నలభై మూడు.

వెనకది సాలెహ్ భాయ్ తనే లెక్కపెట్టి బిగించాడు. ముందుదానికి వేయాల్సింది మా వంటింటి చెక్క అర మీద ఉంది. అక్కడ రెండు మూటలు. ఒకటి నలభై మూడుది, ఒకటి ముప్పై తొమ్మిదిది. లెక్కపెట్టకపోతే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

అంతకు వారం ముందే సాలెహ్ భాయ్ ఒక మాట అన్నాడు. ప్రతి చక్రానికీ రేకుముక్క కట్టి, దాని మీద అంకె కొట్టి పెడదామని. మంచికే అన్నాడు. నాకు మాత్రం చురుక్కుమంది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా తప్పానా అని అడిగాను. లేదన్నాడు. రేకుముక్కల మాట అక్కడితో ఆగిపోయింది.

అతను చక్రం కోసం వచ్చిన మధ్యాహ్నం నా చుట్టూ నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. కథ మంచి చోట ఉంది. తెగకూడదని నా తొందర. రెండు మూటలూ దించి, విప్పి, ఒక చక్రం అతని చేతికిచ్చి నలభై మూడు అన్నాను. అతను గడపలో కూర్చుని జేబులోంచి సుద్దముక్క తీసి ఒక పన్ను మీద గీత గీశాడు.

"ఏంది భాయ్, నా మాట మీద భరోసా లేదా?" అన్నాను.

ఆడవాళ్లు నవ్వారు. అతనూ నవ్వి, అలవాటు భాభీ, ఇంకేం లేదన్నాడు. బొటనవేలితో ఆ గీత తుడిచేశాడు. చక్రాన్ని గచ్చు మీద రెండోదాని పక్కన పెట్టి నమాజుకు పోయాడు. తిరిగొచ్చి, తను పెట్టినదాన్నే ఎత్తుకున్నాడు. నేను చూశాను. నా కళ్లతో చూశాను.

మూడో రోజు సాయంత్రం చెక్క తుడుస్తుంటే మిగిలిన చక్రం చేతికి తగిలింది. ఎందుకో లెక్కపెట్టాను. నలభై మూడు. మళ్లీ పెట్టాను. నలభై మూడు. మూడోసారి నడుమలో లెక్క తప్పింది, మొదటి నుంచి పెట్టాను. నలభై మూడు.

జీపు ఇంకా వాకిట్లోనే ఉంది. యాక్సిల్ మూసేశారు, నూనె పోశారు, రంగు కూడా వేశారు. పొద్దున్నే సార్ వచ్చి తీసుకుపోతాడు. వంటింటి నుంచి షెడ్డుకు పది అడుగులు. ఆ పది అడుగులు వేసి, ఇది చూడండి, నేను తప్పు ఇచ్చాను అంటే సరిపోయేది. ఒక్క రోజు పని. వాళ్లు కోప్పడేవాళ్లు కూడా కాదు. మరి ఎందుకు వేయలేదు? ఒక్కసారైనా తప్పానా అన్న నా మాటే నాకు అడ్డం నిలబడింది. అలా అన్నదాన్ని ఇలా వెళ్లి ఎలా చెప్పను? పైగా నాకు నేనే సర్ది చెప్పుకున్నాను, రోడ్డు మీద ఏమీ కాదు, బురదలో చక్రాలు జారుతాయి కాబట్టి ఆ కాస్త తేడా సర్దుకుపోతుంది, ఆయన రాళ్ల మీదికి పోతాడో లేదో అని. చక్రాన్ని గోనెగుడ్డలో చుట్టి బియ్యం డ్రమ్ము వెనక పెట్టాను. అక్కడ పెట్టినప్పుడే నాకు తెలుసు, నేను చేస్తున్నది మరచిపోవడం కాదని.

పొద్దున సార్ వచ్చాడు. జీపు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది నేనే. నాలుగు టైర్లకూ నాలుగు.

నాలుగో రోజున కబురొచ్చింది. వాన తడిసిన రాతి ఎత్తు మీద, నాలుగు చక్రాలూ కలిపి, లాకర్ వేసి ఎక్కిస్తుంటే గేర్ల పెట్టె పగిలింది. జీపు పట్టు వదిలి వెనక్కి జారింది. బండకు కొట్టుకుని సార్ కుడిచెయ్యి విరిగింది. ప్రాణం దక్కింది. జీపును లాగించుకొచ్చి ముందు యాక్సిల్ విప్పారు. సాలెహ్ భాయ్ సుద్దగీత గీసి లెక్కపెట్టాడు. ముప్పై తొమ్మిది దగ్గర మళ్లీ గీత వచ్చింది. అతను అంకె చెప్పలేదు. 

మా ఆయన నన్ను పిలిచాడు.

"నువ్వు ఏది ఇచ్చినవే?"

"నలభై మూడుదే ఇచ్చిన. రెండూ గచ్చు మీదనే ఉండె. నమాజుకు పోయొచ్చి ఏది ఎత్తుకున్నడో నాకేం ఎర్క?"

"మరి గా రెండోది ఏడుంది?"

"ఆ వారం పాత ఇనుము బండి రాలే? అండ్ల పోయినట్టుంది. ఇనుమంత ఎత్తింది భాయే."

సాలెహ్ భాయ్ నా వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. ఏదో వెతుక్కుంటున్నట్టు చూశాడు, నా ముఖంలో కాదు, తన తలలో. అప్పుడు అన్నాడు.

"భాభీకి యాది ఉన్నదంటే అదే నిజం. నేను పెట్టిందే తీసుకున్న అనుకున్న. నా దిమాగే పనిచేస్తలేదేమో."

 ఆ ఒక్క క్షణం అడ్డం పడి ఉంటే అయిపోయేది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి పోయాను. పొయ్యి మీద పాలు లేవు.

మా ఆయన అతన్ని పొమ్మనలేదు. సార్ దగ్గరికి పోయి, మా మేస్త్రీ చేతిలో పొరపాటు జరిగిందని చెప్పి వచ్చాడు. సాలెహ్ భాయ్ ఆ తర్వాత ఇంకో రెండు యాక్సిళ్లు విప్పాడు. ఒక్కో చక్రం నాలుగుసార్లు, ఐదుసార్లు లెక్కపెట్టి, చివరికి మా ఆయన్ని పిలిచి చూడమనేవాడు. మూడోది విప్పలేదు. పానాలూ పనిముట్లూ అన్నీ నూనెగుడ్డతో తుడిచి, మా గడప మీద వరసగా పెట్టి, ఇక నాతో కాదన్నాడు. వాళ్ల గల్లీలో టైర్లకు గాలి పట్టే కొట్టు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. గాలి పట్టడానికి లెక్క అక్కర్లేదు.

నేను ఒక మనిషి పని పోగొట్టానని ఇన్నేళ్లూ అనుకున్నాను. అంతకంటే పెద్దది చేశానని పోయిన శుక్రవారం తెలిసింది.

సాలెహ్ భాయ్‌కి ఒంట్లో బాగాలేదంటే చూసి వద్దామని బార్కస్ పోయాను. మంచం మీద కూర్చుని తస్బీ, అదే జపమాల, తిప్పుతున్నాడు. అతని బేగం నన్ను పక్కకు పిలిచి చెప్పింది, జపం అయ్యాక పూసలు ముప్పై మూడు ఉన్నాయో లేదో అని లెక్కపెడతాడట, నమ్మకం కుదరక మళ్లీ పెడతాడట, చివరికి ఆమె చేతికిచ్చి చూడమంటాడట. ఇప్పటిది కాదు, మీ దగ్గర పని మానేసినప్పటి నుంచీ ఇదే అంది. నేను వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. అతని ముఖం వెలిగింది. తస్బీ నా చేతిలో పెట్టాడు.

"మంచిగ వచ్చిన్రు భాభీ. మీరు లెక్కపెట్టుండ్రి. మీ లెక్క తప్పది."

లెక్కపెట్టాను. ఏం చేయను మరి? ఒక్కో పూసా జరిపి ముప్పై మూడు అన్నాను. నిమ్మళంగా ఊపిరి వదిలి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ మనిషి తన వేళ్లను నమ్మడు, తన కళ్లను నమ్మడు. నన్ను నమ్ముతాడు. ఇన్నేళ్లలో నా పేరు నిలబడ్డది అక్కడే.

అక్కడే చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు. అదీ మీకు దాచను.

ఈ రోజు గోనెగుడ్డ విప్పాను. తుప్పు కొంచెమే పట్టింది. సుద్దముక్కతో గీత గీసి లెక్కపెట్టాను. తర్వాత డబ్బా మూత కత్తిరించి, మేకుతో దాని మీద అంకె చెక్కి, చక్రానికి కట్టాను. నాలుగు అంకె వంకరగా వచ్చింది. దాన్ని షెడ్డులో, ఎదురుగా కనిపించే చోట పెట్టాను. మా ఆయన అన్నానికి వస్తాడు. ఇదెక్కడిదని అడుగుతాడు. ఈసారి పొయ్యి మీద పాలు ఉన్నా లోపలికి పోను. తర్వాత అది బార్కస్ పోవాలి, నా చేతులతోనే పోవాలి. సాలెహ్ భాయ్ ఏమంటాడో తెలియదు. మాఫ్ చేయమని అడగను. పదకొండేళ్లు తన తలనే అనుమానించుకున్న మనిషిని ఏ ముఖంతో అడుగుతాను? నేను అడగకుండానే అతను మాఫ్ చేస్తానంటే భయం, నేను దాన్ని కూడా తీసుకుంటానేమోనని.

ఆ మాట అతనికి చేరేలోగా ఇక్కడ రాసి పెడుతున్నాను, నా జ్ఞాపకం మళ్లీ మాట మార్చకుండా. నేను రాసి పెట్టిన మొదటి లెక్క ఇది. సాలెహ్ భాయ్ తను పెట్టిన చక్రాన్నే ఎత్తుకున్నాడు. అతను గీసిన సుద్దగీతను తుడిపించింది నేను.