రమణమ్మకు చెప్పని మాట

డాక్టరు చెప్పమన్న ఒక్క మాటను నేను తెలుగులో చెప్పకుండా మింగేశాను. కుర్రతనంలో చేసిన ఆ పని ముసలితనం దాకా నా మీద కూర్చునే ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రమణమ్మ మా అక్క కూతురు. పొలం బయటివాళ్ల పాలు కాకూడదని, అక్క వద్దంటున్నా వినకుండా, ఆ పిల్లను మా తమ్ముడికి చేయించింది నేనే. అలా మా అమ్మే ఆమెకు అత్త అయింది. నేను బడికి పోయింది తక్కువ. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. వడ్ల బేరాలకు అరవదేశం పొలిమేరలో ఉన్న తడ వైపు తిరిగి అరవం నేర్చుకున్నాను. ఊళ్లో నాకంటే తెలిసినవాడు లేడనుకునేవాణ్ని.

రమణమ్మ కడుపుతో ఉండగా గ్రహణం వచ్చింది. అలాంటివాళ్లు ఆ పూట కత్తి ముట్టరు, కదలకుండా పడుకుంటారు. నేను సముద్రపొడ్డు నుంచి వంజరం చేప తెచ్చి ఆమె ముందు పడేశాను. అవన్నీ పిచ్చి నమ్మకాలు, కొయ్యమన్నాను. అమ్మ ఇంట్లో లేదు. మామ మాట కాదనలేక కోసింది.

బిడ్డ పైపెదవీ అంగిలీ చీలి పుట్టాడు. గ్రహణమొర్రి అన్నారు. ఆమె చేప కోయడం పొరుగామె చూసిందట. కొయ్యమన్నది ఎవరని ఒక్కరూ అడగలేదు. రమణమ్మ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇలాంటి పిల్లల మీద పరిశోధన చేయడానికి మద్రాసు నుంచి ఒక పళ్ల డాక్టరు నెల్లూరు ఆసుపత్రికి వచ్చాడంటే నేనూ, అమ్మా, రమణమ్మా బిడ్డను తీసుకుపోయాం. డబ్బు తీసుకోరట. అక్కడే నాకు అనుమానం. పసివాడి ముఖం కొలవడం దేనికి? దవడకు అచ్చు ఎందుకు? ఆ ఫోటోలు ఎవరికి చూపిస్తారు? డాక్టరుకు తెలుగు రాదు. ఆయన అరవంలో అడిగితే నేను తెలుగులో చెప్పాలి. భార్యాభర్తలు ముందే చుట్టాలా అని అడిగాడు. కారని నేనే జవాబిచ్చేశాను.

అమ్మ అడ్డుపడింది. "ఏందబ్బయా ఆయన అడిగేది? గ్రహణంలో చేప కోసినాదని చెప్పు. ఇది చేసిన ఘనకార్యం ఆయన గూడా వినాల!"

చెప్పాను. డాక్టరు ముఖం గంటు పెట్టుకున్నాడు. దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్ల వల్ల వస్తుందేమోనని చూస్తున్నామనీ, అదింకా తేలలేదనీ, కోయడం వల్ల మాత్రం రాదనీ అన్నాడు. తల్లి తప్పేమీ లేదు, ఈ మాట ఆమెకు ఇప్పుడే చెప్పు అన్నాడు.

రమణమ్మ నా నోటి వైపే చూస్తోంది. "ఏమన్నాడు మామా?"

"ఆపరేషన్ చేస్తాడంట. ఇంకోసారి జాగర్తగా ఉండమన్నాడు."

"అంతేనా?"

"అంతే."

"విన్నావంటే?" అంది అమ్మ. "డాక్టరు గూడా అదే అన్నాడు."

చెప్పావా అని డాక్టరు అడిగాడు. చెప్పానన్నాను.

ఎందుకలా చేశాను? మద్రాసు మనిషి మన పెళ్లిళ్లకు వంక పెడుతున్నాడని ఉడుకుమోత్తనమా? అప్పట్లో నాకు నేను చెప్పుకున్నది అదే. అసలు సంగతి, తప్పు చేపదైనా చుట్టరికానిదైనా వేలు చూపించేది నా వైపే. పైగా, పిచ్చి నమ్మకమని నవ్విన నాకే లోపల ఎక్కడో గ్రహణమంటే భయం ఉండేదేమోనని ఇప్పుడు అనుమానం.

ఆపరేషన్ అయ్యాక పిల్లవాడి పెదవి బాగానే అతికింది. పెద్దవాడై లారీ తోలాడు. రమణమ్మను మాత్రం ఊళ్లో ఎవరూ సీమంతానికి పిలవలేదు. కడుపుతో ఉన్న మనిషి ఎదురైతే తనే పక్కకు తప్పుకునేది. చివరికి సొంత కోడలికి నెల తప్పితే, తన చేతి కీడు తగులుతుందని, కాన్పు అయ్యేదాకా కోవూరులో చుట్టాలింట్లో ఉండిపోయింది. బస్సెక్కించింది నేనే. బస్సు కదిలేదాకా పక్కనే నిలబడ్డాను.

కొయ్యమన్నది నేనని ఆమె చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. నా మీద గౌరవమా? చెప్పినా ఎవరూ నమ్మరనా? ఆ మౌనం తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. ఆమె పోయాక నోరు విప్పుతున్నాను, ఎదురు నిలబడి అడిగే మనిషి లేదన్న ధైర్యమేనేమో. మీకూ ఆ అనుమానం వస్తే తప్పు పట్టను.

ఊళ్లో కడుపుతో ఉన్న ఆడపిల్లల్ని బెదిరించడానికి ఇప్పటికీ రమణమ్మ పేరే చెబుతారు. నిన్న మా వీధిలో ఒకామె తన కోడలికి అదే చెబుతోంది. లేచి వెళ్లాను. రమణమ్మ తప్పు లేదని డాక్టరు ఆనాడే అన్నాడు, ఆ మాట దాచింది నేను, చేప కొయ్యమన్నదీ నేనే అన్నాను. ఆమె కోడలి వైపు తిరిగి, "పెద్దాయనకి మతి తప్పినట్టుంది, పాపం" అంది.

మళ్లీ చెప్పాను. వీధంతా వినేలా, గొంతు చీరుకుపోయేలా అరిచాను. అరిచాక గుండె కాస్త తేలికపడింది. నాదే. రమణమ్మది కాదు.