నిప్పు వెలిగించని పాఠం: విమలక్కతో జహీరాబాద్ ప్రయాణం

జహీరాబాద్ వైపు పల్లెల్లో పెద్దవాళ్ళకు శిక్షణ తరగతులు పెట్టబోతున్నామనీ, ఎలా వెళ్ళాలో, ఏం చూసుకోవాలో రాయమనీ ఇద్దరు ముగ్గురు పాఠకులు అడిగారు. ఆ దారి పేరు వింటే నాకు ముందు గుర్తొచ్చేది విమలక్క. ఎనభైల మొదట్లో మేమిద్దరం హైదరాబాద్‌లో వయోజన విద్య పనిలో ఉండేవాళ్ళం. నాకంటే కొంచెం పెద్దది. ఝరాసంగం దగ్గర ఒక ఊళ్ళో అంతకుముందు ఎండాకాలం పశువుల కొట్టాలు తగలబడ్డాయి. మళ్ళీ ఎండలు ముదిరేలోపు, నిప్పంటుకుంటే ఏం చేయాలో అక్కడి ఆడవాళ్ళకు నేర్పి రమ్మని మమ్మల్ని పంపారు.

చలికాలం చివరి రోజులు. పొద్దున్నే గౌలిగూడలో బస్సెక్కితే సంగారెడ్డి, సదాశివపేట మీదుగా జహీరాబాద్ చేరడానికి మూడు గంటలకు పైగా పట్టింది. దారంతా ఒకటే వాదన. ఆఫీసువాళ్ళిచ్చిన రంగుల చార్టులు చూపిస్తే చాలదనీ, గడ్డి కుప్ప అంటించి వాళ్ళచేతే ఆర్పించాలనీ నేను. "ముందు వాళ్ళను చూడనియ్యి. చూడకముందే ఎట్ల నేర్పాల్నో మనకేం తెలుస్తది?" అని విమలక్క నా భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. భుజం తిమ్మిరెక్కినా నేను కదల్లేదు.

జహీరాబాద్ బస్టాండు దగ్గర టీ తాగి జీపు మాట్లాడుకున్నాం. డ్రైవరు ఖాజా భాయ్ మా పని విని నవ్వాడు. "గిప్పుడు పోతె ఎవలుంటరు మేడం? ఆడోళ్ళంత చేన్లల్ల ఉంటరు. జర ఎండ మల్లనియ్యిన్రి. ఫికర్ చెయ్యకున్రి, వాపస్ గూడ నేనే తీస్కపోత." అందుకే మధ్యాహ్నం దాటాక బయల్దేరాం. ఎర్రమట్టి బాట, రెండు పక్కలా కోసిన కంది మోళ్ళు.

బడి వరండాలో పాతికమంది దాకా కూర్చున్నారు. చార్టులు తగిలించి నేను మాట్లాడుతుంటే ఒకరి తర్వాత ఒకరు ఆవలించారు. ఇలా కాదని జొన్నచొప్ప కుప్పగా వేయించి అగ్గిపెట్టె తీశాను. అంతే, వెనక వరసలోంచి ఒకామె లేచి గబగబా వెళ్ళి కింది మెట్టు మీద అటు తిరిగి కూలబడింది.

"మొగులమ్మ కొట్టమే పోయినేడు కాలింది," పక్కనున్నామె మెల్లగా చెప్పింది. "బర్రె లోపట్నే పాయె."

మిగతావాళ్ళూ లేవడం మొదలుపెట్టారు. వాళ్ళు వెళ్ళిపోతే ఆ ఊరికి మళ్ళీ ఎండాకాలం అలాగే వస్తుంది. విమలక్క నా చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని, వెళ్ళి మొగులమ్మ పక్కన మెట్టు మీద కూర్చుంది.

"అగ్గి ముట్టియ్యం అక్కా. ఆ దినం ఏమైందో నువ్వే చెప్పు. చెప్పబుద్ధి కాకుంటె ఊకె కూసో."

మొగులమ్మ కొంగుతో మొహం తుడుచుకుని మొదలుపెట్టింది. "రొట్టెలు చేస్తున్న. కొట్టంలకెల్లి పొగ లేసింది..."

విమలక్క అందరివైపూ తిరిగింది. "పొగ కనవడ్డది. ఇప్పుడేం చేస్తరు?"

"నీళ్ళు తెస్తం!"

"అయితె తేండ్రి."

అందరూ బావి వైపు పరుగెత్తారు. బిందెలు ఒకదానికొకటి తగిలి నీళ్ళన్నీ దారిలోనే ఒలికిపోయాయి. నవ్వులు. రెండోసారి వాళ్ళే వరసగా నిలబడి బిందెలు చేతులు మార్చారు. కథ ముందుకు సాగింది. బర్రె దగ్గరికొచ్చేసరికి మొగులమ్మ రెండు చేతులతో లేని తాడును గుంజి చూపింది.

"పలుపు ఊడలె. గుంజినకొద్ది బిగిసింది."

విమలక్క ఒక తాడు తెప్పించి, కొస లాగగానే ఊడిపోయే జారుముడి వేసింది. అందరూ వేసి చూశారు. చివర్లో మొగులమ్మ వరండా గుంజకు ముడి వేసి, "పొగల కండ్లు కనవడయి గద," అంటూ కళ్ళు మూసుకుంది. చేత్తో తడిమి లాగింది. ఒక్క లాగుకు ఊడింది. మళ్ళీ కట్టింది. మళ్ళీ లాగింది. పొద్దు గుంకేదాకా ఆమెను ఎవరూ ఆపలేదు.

తిరుగు బస్సులో కోహీర్ జామపండ్లు తింటూ విమలక్క అంది: "ఎండలు పోయినంక మళ్ళొద్దాం. ఎంత యాదికున్నదో చూడాలె."

ఆ లోపే ఆమె భర్తకు భిలాయిలో ఉద్యోగమొచ్చింది. సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. వానలు పడ్డాక నేనొక్కదాన్నే వెళ్ళాను. వైశాఖంలో మళ్ళీ నిప్పంటుకుందట. రెండు కొట్టాలు కాలాయి, పశువులన్నీ బయటపడ్డాయి. మొగులమ్మ నన్ను జారుముడితో కట్టేసిన కొత్త బర్రె దగ్గరికి తీసుకెళ్ళి, నా వెనక్కి చూసింది.

"ఆ అక్క ఏది? ఆమెకు జూపియ్యాలని ఉండె."

విమలక్కను నేను మళ్ళీ చూడలేదు. భిలాయి నుంచి వాళ్ళు ఇంకెక్కడికో మారారని మాత్రం విన్నాను. పెద్దవాళ్ళకు నేర్పాలంటే వాళ్ళు పడ్డ కష్టం దగ్గర్నుంచే మొదలుపెట్టాలని నేను తర్వాత ఎన్నో ఊళ్ళలో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ పక్కకు తిరిగి, సరిగ్గా చెప్పానా అని అడగాలనిపించేది. పక్కన వేరెవరో ఉండేవారు.

వెళ్ళేవాళ్ళకు నా సలహా. తరగతి సాయంత్రం పెట్టుకోండి, నేర్పింది ఎంత నిలిచిందో చూడటానికి మళ్ళీ వెళ్ళే రోజు మొదటి రోజే ఖాయం చేసుకోండి. మొదటిసారి ఎవరితో వెళ్ళారో, రెండోసారీ వాళ్ళతోనే వెళ్ళండి.